చైనా గోరింట అన్నారు, వరగోగు ఇచ్చారు: చిన్న తోట ఉన్నవాళ్లు చూసి కొనండి

ఐదేళ్ల కిందట ఒక నర్సరీలో చైనా గోరింట అని చెప్పి నాకో మొక్క అంటగట్టారు. నడుమెత్తు మొక్క, కొమ్మకు గులాబీరంగు పూల ఫోటో ఉన్న ట్యాగు. ఎంత పెరుగుతుందని అడిగితే "మీ చేతికి అందేంతేనండి" అన్నాడు. నమ్మేసి ప్రహరీకి నాలుగడుగుల దూరంలో నాటాను.

మూడేళ్లకే డాబా అంచు అందుకుంది. ఆ మరుసటేడు పూసింది. ఊదారంగు గుత్తులు, ఒక్కో పువ్వు అరచేతిలో సగం. అందంగానే ఉంది, కాదనను. మొక్కల సంగతి తెలిసిన స్నేహితురాలు వచ్చి ఒక ఆకు తెంపి చూసి నవ్వింది. "ఇది వరగోగే. అరవై అడుగులు పోతుంది, ఇల్లు ఎటు జరుపుతావ్?"

రెండూ లాగర్‌స్ట్రీమియా అనే ఒకే ప్రజాతి మొక్కలే. చైనా గోరింట శాస్త్రీయ నామం లాగర్‌స్ట్రీమియా ఇండికా, మామూలుగా 15-20 అడుగుల దగ్గర ఆగుతుంది. వరగోగుది లాగర్‌స్ట్రీమియా స్పీసియోసా, అది మాను. పూలు లేనప్పుడు ఆకు చూసి పట్టేయొచ్చు: చైనా గోరింటది మహా అయితే వేలంత, వరగోగుది అరచేతిని దాటిపోతుంది. లేత కొమ్మను రెండు వేళ్ల మధ్య దొర్లించి చూడండి. చైనా గోరింట కొమ్మ నాలుగు పలకలుగా తగులుతుంది, వరగోగుది గుండ్రంగా ఉంటుంది. ఈ ముక్క ముందే తెలిసుంటే నాకింత ఖర్చు తప్పేది.

నర్సరీవాణ్ని అడుగుదామని వెళ్తే "గోరింట అని నేనెప్పుడన్నాను?" అన్నాడు. బిల్లు తీసి చూసుకుంటే "పూల మొక్క 1" అని మాత్రమే ఉంది. మీరైతే శాస్త్రీయ నామం బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే కొనకండి. గుల్‌మొహర్, సంపెంగ కూడా సంచిలో ఉన్నన్నాళ్లూ బుద్ధిమంతుల్లాగే కనిపిస్తాయి. నేలలో పడ్డాక మొదటిది గొడుగులా పరుచుకుని ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ పోతుంది, రెండోది డాబా దాటి పైకి పోతుంది.

చివరికి చెట్టు కొట్టించి మొదలు చుట్టూ తవ్విస్తే ఇంకో మోసం బయటపడింది. పాత వేళ్లు సంచి ఆకారంలోనే గుండ్రంగా, చేంతాడు చుట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎన్నాళ్లు సంచిలో మగ్గిందో ఏమో! గాలి వీచినప్పుడల్లా ఒకవైపుకే ఎందుకు ఒరుగుతోందో అప్పుడు అర్థమైంది. మొహమాటపడకుండా సంచి ఎత్తి అడుగు చూడండి. కన్నాల్లోంచి లావు వేళ్లు బయటికొచ్చి ఉంటే అక్కడే వదిలేసి వచ్చేయండి.

ఇంతా చేస్తే మొదలు పూర్తిగా రాలేదు. మొన్న దాని పక్క నుంచే మూడు పిలకలు లేచాయి, ఒక్కో ఆకు జానెడు.