బ్యాకప్ సగంలో ఆగిపోతోందా: ఎక్స్‌టర్నల్ డిస్కా, క్లౌడా, ఏది మేలు?

తిరుపతిలో ఎండాకాలం సాయంత్రం గాలి లేచిందంటే కరెంటు పోయినట్టే. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా, డిస్క్‌లోకి బ్యాకప్ నడుస్తూనే ఉంటుందిలే అనుకుంటాం. నడవదు. విండోస్‌లో చెప్పిన టైంకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకున్న ఏ పనికైనా రెండు టిక్కులు ముందే పడి ఉంటాయి: ఛార్జర్ ఉంటేనే మొదలవ్వాలి, బ్యాటరీకి మారితే ఆగిపోవాలి. కండిషన్స్ ట్యాబ్‌లో రెండూ తీసేయండి. సెట్టింగ్స్ ట్యాబ్‌లో, టైం తప్పిన పనిని వీలైనంత త్వరగా నడపమనే గడికి టిక్ పెట్టండి. రాత్రి 2 గంటలకు సిస్టం ఆఫ్‌లో ఉన్నా పొద్దున ఆన్ చేశాక అందుకుంటుంది.

విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. వేరే ప్రోగ్రాం పట్టుకున్న ఫైల్ ఒక్కటి తగిలితే చాలు, 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! మూసిన తలుపు ముందు అప్పులవాడిలా అక్కడే కూర్చుంటుంది. కమాండ్ చివర /R:2 /W:5 చేర్చితే, రెండుసార్లు చూసి ముందుకు పోతుంది.

ప్రతిసారీ పెళ్లి వీడియో దగ్గరే ఆగుతోందంటే డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ ఫైల్ పట్టదు. ఉన్నవి వేరేచోట దించుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఫార్మాట్ చేయాలి.

క్లౌడ్ సంగతి వేరు. కరెంటుతో పాటు రూటరూ పోతుంది, నిజమే. కానీ నెట్ రాగానే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ మనం చెప్పకుండానే పని అందుకుంటాయి. ఇబ్బందల్లా వేగంతోనే. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కి గంటకు 9 జీబీ మించదు. 200 జీబీ ఫోటోలంటే ఏకబిగిన 22 గంటలు. ఉచితంగా గూగుల్ ఇచ్చేది 15 జీబీ, వన్‌డ్రైవ్ 5. పైగా ఇది సింక్, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

పెద్ద సరుకుకి డిస్కే మేలు, సందేహం లేదు. అయితే 2021 నవంబర్ వానలకు తిరుపతిలో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. సిస్టం పక్కనే పెట్టిన డిస్క్ దాంతోపాటే మునుగుతుంది. పాసుపుస్తకం స్కాన్లు, సర్టిఫికెట్ల ఫోల్డర్ ఒక్కటి క్లౌడ్‌లోనూ ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పదు, రూటర్‌నీ దానికే తగిలించండి.

వారానికోసారి టాస్క్ షెడ్యూలర్‌లో లాస్ట్ రన్ రిజల్ట్ చూడండి. రోబోకాపీకి 1 వచ్చిందంటే కొత్త ఫైళ్లు కాపీ అయ్యాయనే, కంగారొద్దు. 8 వస్తే మాత్రం కొన్ని ఫైళ్లు మిగిలిపోయినట్టు.