నల్గొండల పిల్లల హార్మోన్ డాక్టర్ క్లినిక్: లేటైతది గని చూసుడు మంచిగ చూస్తరు

క్లాక్ టవర్ దిక్కు ఉంటది, బోర్డు చిన్నది, అడుక్కుంట పోవాలె. నాలుగు స్టార్లు ఇస్తున్న.

మా తమ్ముని కొడుకుకు తొమ్మిదేండ్లు, క్లాసుల అందరికన్న పొట్టి, చుట్టాలొచ్చిన్రంటే ఇదే ముచ్చట. ఒక మెడికల్ షాపోళ్లు హైటు పెరుగుతడని పొడి డబ్బాలు అంటగట్టిన్రు, పైసలు వోయినయ్ అంతే. ఈ సారు ఫస్టు అది బంద్ జేయుండ్రి అన్నడు.

నాకు మస్తు నచ్చింది కొలిచే తీరు. చెప్పులు ఇడిపిచ్చి, మడిమలు గోడకు ఆనిచ్చి, తల సక్కగ వెట్టి, మళ్లొకసారి కొలిచి గ్రాఫ్ మీద చుక్క వెట్టిండు. తల్లిదండ్రులను గూడ నిలవెట్టి కొలిచిండు, మా తమ్ముడు ఐదున్నర అడుగులని చెప్పుకుంట తిరుగుతడు గద, 163 సెంటీమీటర్లే వచ్చింది! మరదలు 150. రెండూ కలిపి, పిలగాడు కాబట్టి 13 కూడి సగం జేస్తే 163, పెద్దయినంక వీడు అందాజగ అంత ఎత్తు అయితడన్నట్టు, ఆడపిల్లయితే 13 తీసేస్తరట. అంటే వీడు ఆరడుగులు అయితడని ఆశ వడుడే దండుగ.

ఎముకలు ఎంత ఎదిగినయో చూసేటందుకు ఎడమ చెయ్యి ఎక్స్‌రే, థైరాయిడ్, గోధుమలు పడుతయో లేదో చూసే రక్తపరీక్ష, గ్రోత్ హార్మోన్ సరిపోను ఉన్నదో లేదో అందాజ తెలిపే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష రాసిండు. అన్నీ నార్మల్. మరదలేమో "ఆ గ్రోత్ హార్మోన్ ఇంజెక్షనే ఇయ్యుండ్రి సార్" అని పట్టువట్టింది. పైసల మీద యావ ఉన్నోడైతే అప్పుడే రాస్తుండె. ఈయన కూసోవెట్టి చెప్పిండు: హార్మోన్ తక్కువున్నోళ్లకు అది మంచిగ పనిచేస్తది, ఏ కారణం దొరకకుంట మరీ పొట్టిగున్న పిల్లలకు గూడ అమెరికాల 2003ల ఒప్పుకున్నరు, గని ఏండ్ల తరబడి దినాం రాత్రి సూది పొడిస్తే వీళ్లకు వచ్చేది సగటున ఐదు సెంటీమీటర్ల కాడనే, ఒకలకు ఎక్కువ ఒకలకు తక్కువ. డోసు బరువును బట్టి, పిలగాడు పెరిగినకొద్ది ఖర్చు గూడ పెరుగుతది, మందు ఫ్రిజ్జులనే ఉండాలె. ఈ వయసుల ఏడాదికి ఐదు సెంటీమీటర్ల దాక పెరిగితే తొందరేం లేదు, ఆర్నెల్లకోసారి తెచ్చి కొలిపియ్యుండ్రి అన్నడు, అట్లని మరీ ఆలస్యం చేయొద్దు, ఎముకల కొసలు మూసుకుపోయినంక ఏ సూది పనిచెయ్యదట.

ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే టోకెన్ల లొల్లి. ఫోన్ ఎత్తరు, పొద్దుగాల పోతే పొద్దూకుతది, పిల్లలు ఏడ్సుడు. పాత స్కూలు కొలతలు ఏమన్న ఉంటే పట్టుకపోండ్రి, ఎక్స్‌రే బయట తీపిస్తే ఫిలిం తప్పకుండ అడిగి తీస్కోండ్రి, ఉత్త రిపోర్టు కాయితం తెస్తే సారు మళ్ల పంపిస్తడు.