600 రెసిస్టర్ల పెట్టె: సరుకు మంచిదే, సలహానే సగం

30 విలువల్లో, విలువకు 20 చొప్పున 600 మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు (కరెంటును నిరోధించే చిన్న విడిభాగాలు) ఉండే పెట్టెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. నేను తెప్పించుకున్న పెట్టెలో సరుకు బాగానే ఉంది గానీ, దానితో వచ్చిన కాగితం మాత్రం కొత్తవారిని పక్కదారి పట్టించేలా ఉంది. ఎక్కువ వాట్లను తట్టుకోవాలంటే రెసిస్టర్లను సమాంతరంగా (పక్కపక్కనే పెట్టి, రెండు వైపులా కొసలు ఒకచోట చేరేలా) కలపాలని, అప్పుడు వాటి వాట్లన్నీ కూడతాయని అందులో రాశారు.

ముందు సరుకు సంగతి. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్లకు పైగా పొడవుంది కనుక పావు వాట్ వరకు తట్టుకుంటుందన్న మాటను నమ్మవచ్చు. మీటరు పెట్టి చూసిన 100 ఓములవన్నీ 1 శాతం తేడా లోపే ఉన్నాయి. తీగలు మాత్రం సన్నం; కొసను అయస్కాంతం లాగుతోందంటే లోపల ఉన్నది ఉక్కు, రాగి కాదు. బ్రెడ్‌బోర్డులో (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలకలో) అవి వదులుగా కూర్చుంటాయి. నీలం రంగు మీద విలువను తెలిపే గోధుమ, ఎరుపు పట్టీలను రాత్రిపూట వేరుచేసి చూడటం కష్టమే.

ఇక కాగితంలోని సలహా. విలువలు సమానమైనప్పుడు సమాంతరంగా కలిపినా, శ్రేణిలో (ఒకదాని వెనుక ఒకటిగా) కలిపినా వాట్లు ఒకేలా కూడతాయి: రెండు 100 ఓములవి శ్రేణిలో 200 ఓములై, సమాంతరంగా 50 ఓములై, రెండు విధాలా అర వాట్‌ను తట్టుకుంటాయి. విలువలు వేరైతే ఈ లెక్క చెల్లదు. 100 ఓములను, 1 కిలో ఓమ్‌ను శ్రేణిలో పెడితే రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కాబట్టి పెద్దది ముందు వేడెక్కి, సుమారు 16 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తన హద్దును చేరుతుంది. అప్పటికి చిన్నదాని మీద పడే భారం 0.025 వాట్ మాత్రమే. సమాంతరంగా పెడితే వోల్టేజీ ఒకటే కాబట్టి, 5 వోల్టుల దగ్గర చిన్నదే ముందు హద్దుకు వస్తుంది. ఎలా కలిపినా మొత్తం 0.275 వాట్లే తప్ప అర వాట్ రాదు.

12 వోల్టుల అడాప్టరును పరీక్షించడానికి 100 ఓముల లోడు (దాని నుంచి కరెంటు తీసుకునే భారం) కావాలనుకుందాం. అందులో 1.44 వాట్లు ఖర్చవుతాయి. మూడేసి 100 ఓములవి శ్రేణిలో కలిపి, అలాంటి మూడు వరుసలను సమాంతరంగా కడితే విలువ 100 ఓములే ఉంటుంది, ఒక్కొక్కదాని మీద 0.16 వాట్ పడుతుంది. పావు వాట్ అన్న హద్దు సాధారణంగా చుట్టూ ఉన్న గాలి 70 డిగ్రీల సెల్సియస్ దాటనంత వరకే వర్తిస్తుంది. తొమ్మిదింటినీ కట్టగా బిగిస్తే ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది కాబట్టి ఎడం వదలాలి. ఇంత శ్రమ ఎందుకనుకునేవారు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒక్కటి కొనుక్కోవడం మేలు.

ఈ పెట్టెలో 10 ఓముల కంటే తక్కువవి లేవు. 1 ఆంపియర్ కరెంటును కొలవడానికి 1 ఓమ్ కావాలంటే 10 ఓములవి పదింటిని సమాంతరంగా కలపాలి. ఒక్కొక్కదాని మీద 0.1 వాటే పడుతుంది కాబట్టి భయం లేదు. కానీ ఆ ఒక్క పనికే ఆ విలువ సగం ఖాళీ అవుతుంది కనుక, 10 ఓములవి విడిగా మరికొన్ని తెచ్చి పెట్టుకోవలసిందే.