బావిలో దిగేవారికి 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ సూటు

వ్యవసాయ బావుల్లో తెగిపడిన మోటార్లను ఊపిరికి గాలి సిలిండరు కట్టుకొని దిగి పైకి తీసే పనిలో, నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో నియోప్రీన్ అనే నురగలాంటి రబ్బరుతో చేసిన ఈ సూటును చలికాలమంతా వాడాను. ఎండలకు పేరుపడ్డ జిల్లాలో ఇంత దళసరి తొడుగు దేనికని గట్టు మీద నిలబడ్డ రైతులు అడుగుతూనే ఉంటారు. నిజానికి పుష్యమాసపు ఉదయం బావి నీళ్లు పైగాలికంటే వెచ్చగానే తగులుతాయి. ఇబ్బందల్లా వాటిలో చాలాసేపు ఉండవలసి రావడమే. గాలికంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక, 26 డిగ్రీల నీటిలోనైనా ఒకచోట కదలకుండా ఉండి మోటారుకు తాడు బిగించేసరికి వేళ్లు మొద్దుబారతాయి. సిలిండరులోని పొడిగాలిని వెచ్చబరచి, తడి చేయడానికి ఊపిరితిత్తులు ఖర్చుపెట్టే వేడి దీనికి అదనం.

వేడిని ఆపేది నియోప్రీన్‌లోని సన్నని వాయు బుడగలు. లోపలికి చేరిన పలుచని నీటిపొర ఒంటి వేడికి కాగి అక్కడే నిలవాలి. అది మాటిమాటికీ మారిపోతే ఎంత మందమైన సూటైనా దండగే. అందువల్ల మందంకంటే కొలతకే ప్రాధాన్యం ఇవ్వాలని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ సూటు ఛాతీకి, తొడలకు, మణికట్లకు చక్కగా అతుక్కుంది. నడుము వెనుక మాత్రం వదులు మిగిలి, వంగినప్పుడల్లా జిప్పు గుండా చల్లనీరు వెన్ను వెంబడి దిగుతోంది. కంపెనీ పట్టికలోని ఎత్తు, బరువు చూసి సరిపెట్టుకోకుండా, దర్జీ చేత ఛాతీ, నడుము, తుంటి కొలిపించుకొని ఆర్డరు పెట్టడం మంచిది.

మా బావుల లోతుకు 5 మిల్లీమీటర్లు ధారాళంగా చాలు. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు అవుతుంది. బుడగలు ఆ మేరకు కుంచించుకుపోయి సూటు పలుచబడుతుంది, దాని తేలే గుణమూ తగ్గుతుంది. మునగడానికి కట్టుకునే సీసపు బరువులు పైన సరిపోయినా కింద ఎక్కువైనట్టు అనిపించడానికి కారణం ఇదే. సాగర్ జలాశయం వంటి లోతైన నీటిలో, అడుగు పొరలు మరింత చల్లగా ఉండే చోట, ఇదే సూటు ఇంత సుఖంగా ఉంటుందని చెప్పలేను.

తలకు తొడుగు ఇందులో రాదు, అది పెద్ద లోటు. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందన్న ప్రచారం నిజం కాకపోయినా, ఒళ్లంతా కప్పి తలను వదిలేస్తే వేడి అక్కడినుంచి పోతూనే ఉంటుంది. 3 మిల్లీమీటర్ల తొడుగు విడిగా కొన్న తరువాత తేడా స్పష్టంగా తెలిసింది.

మోకాళ్ల దగ్గరి అదనపు పొర బావి రాతికట్టు ఒరిపిడిని బాగానే తట్టుకుంది. ఆరబెట్టడంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఎండలో వేస్తే రబ్బరు పెళుసుబారుతుంది కాబట్టి మంచినీళ్లతో జాడించి, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడలోనే ఉంచాలి. దాదాపు 12,000 రూపాయల ధర నిత్యం ఈ పని చేసేవారికి గిట్టుబాటే. ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగేవారికి 3 మిల్లీమీటర్ల సూటు, దానితోపాటు తలతొడుగు తక్కువ ఖర్చుతో సరిపోతాయి.