సెక్షన్ 8 వోచరా, పబ్లిక్ హౌసింగా, ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంటా: ఏది మేలు?

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి అద్దె భారం తగ్గించే దారులు చాలానే ఉన్నాయి. మనవాళ్ల మధ్య ఆ మాట వస్తే మాత్రం సెక్షన్ 8 దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. "వోచర్ వచ్చిందంటే ఇంకేం కావాలి" అంటారు. నా లెక్కలో ఆ మాట సగమే నిజం. అందరికీ ఒకటే మేలు కాదు. కొందరికి వోచర్ కంటే పబ్లిక్ హౌసింగ్ నయం, ఇంకొందరికి ఆ రెండూ అందవు.

ముందు ఏది ఏమిటో చూద్దాం. పబ్లిక్ హౌసింగ్‌లో ఇల్లు హౌసింగ్ అథారిటీ అనే స్థానిక ప్రభుత్వ సంస్థదే, అద్దె కట్టేదీ వాళ్లకే. 1937 నాటి చట్టంతో మొదలైన పథకం ఇది. సెక్షన్ 8 వోచర్‌లో ఇల్లు ప్రైవేటు ఓనర్‌ది. వెతుక్కోవడం మీ పని, అద్దెలో ఒక భాగాన్ని అథారిటీ నేరుగా ఓనర్‌కి పంపుతుంది. దీని మూలం 1974 చట్టంలో ఉంది. మూడోది ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్, 1986 పన్ను సంస్కరణలతో వచ్చింది. బిల్డర్‌కి ఫెడరల్ పన్నులో రాయితీ ఇస్తారు, బదులుగా అతను కొన్ని ఫ్లాట్లనో, మొత్తం బిల్డింగునో తక్కువ ఆదాయం వాళ్లకి తక్కువ అద్దెకి ఇవ్వాలి. వీటికి మామూలుగా హౌసింగ్ అథారిటీ చుట్టూ తిరగక్కర్లేదు, ఆ అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులోనే దరఖాస్తు ఇస్తారు. న్యూయార్క్‌లో హౌసింగ్ కనెక్ట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో డాలియా అనే వెబ్‌సైట్ల ద్వారా లాటరీ తీస్తారు.

అసలు తేడా అద్దె లెక్కలో ఉంది. పబ్లిక్ హౌసింగ్‌లోనూ వోచర్‌లోనూ మీరు కట్టేది మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. వృద్ధులకి, పిల్లలకి ఇచ్చే మినహాయింపులు తీసేశాక మిగిలిన నెల ఆదాయంలో సుమారు 30 శాతం. 1,200 డాలర్లు మిగిలితే 360 కడతారు. ఉద్యోగం పోతే ఆ విషయం తెలియజేసి అద్దె తగ్గించమని అడగొచ్చు. ట్యాక్స్ క్రెడిట్ ఇంట్లో అలా కాదు. ఆ ఊరి మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు దానికి పైన, సగం దానికి కింద ఉంటాయి) 50 శాతమో 60 శాతమో సంపాదించే కుటుంబం ఎంత కట్టగలదో లెక్కవేసి, ఫ్లాట్‌కి గరిష్ఠ అద్దె నిర్ణయిస్తారు. మీ జీతం ఎంతన్నది ఆ లెక్కలో ఉండదు. నెలకి 1,200 వచ్చే పెద్దాయనకి 1,050 డాలర్ల అద్దె చూపించి "ఇది అఫర్డబుల్" అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పైగా చాలా ఆఫీసులు ఆదాయం అద్దెకి రెండు, రెండున్నర రెట్లు ఉండాలంటాయి. అంటే అక్కడ ఎక్కువ సంపాదించినా కుదరదు, మరీ తక్కువైనా కుదరదు.

అదే ఫ్లాట్ నెలకి 3,600 వచ్చే కుటుంబానికి బాగా నప్పుతుంది. పబ్లిక్ హౌసింగ్‌లో వాళ్ల 30 శాతం వాటా 1,080. జీతం 4,200కి పెరిగితే వాటా 1,260 అవుతుంది. ట్యాక్స్ క్రెడిట్ ఇంట్లో జీతం పెరిగిందని అద్దె పెంచరు, గరిష్ఠ అద్దె మారితేనే పెరుగుతుంది. చేరేటప్పుడు అర్హత ఉండి, తర్వాత ఆదాయం పెరిగినంత మాత్రాన ఖాళీ చేయించే పద్ధతి కూడా మామూలుగా లేదు. పబ్లిక్ హౌసింగ్‌లోనైతే ఆదాయం ఊరి మధ్యస్థ ఆదాయంలో 120 శాతం పైన రెండేళ్లపాటు ఉంటే, ఎక్కువ అద్దె కట్టాలి లేదా ఇల్లు వదలాలి. ఎదిగే కుటుంబానికి మూడో దారే హాయి అని నేననేది ఇందుకే.

ఇక వోచర్. చేతికి వచ్చాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు. పొడిగింపు ఇవ్వడం ఎక్కువగా అథారిటీ ఇష్టం, వైకల్యం లాంటి కారణముంటే ఇవ్వాల్సి వస్తుంది. గడువు దాటితే అన్నేళ్లు ఎదురుచూసిన వోచర్ వెనక్కి పోతుంది. అథారిటీ ఎంతవరకు భరిస్తుందో చెప్పే పరిమితి ఒకటి ఉంటుంది, దాన్ని పేమెంట్ స్టాండర్డ్ అంటారు. అది 1,800 అనుకుందాం. మినహాయింపుల తర్వాత మీ ఆదాయం 1,500 అయితే మీ వాటా 450, మిగతా 1,350 వాళ్లది. 2,000 డాలర్ల ఇల్లు నచ్చిందనుకోండి. పై 200 మీదే, మొత్తం 650. కానీ కొత్తగా చేరేటప్పుడు మీ వాటా ఆదాయంలో 40 శాతం, అంటే 600 దాటకూడదు. కాబట్టి ఆ ఇల్లు కుదరదు. దొరికిన ఇంటికి ఇన్‌స్పెక్షన్ జరగాలి, డిపాజిట్ మామూలుగా మీ జేబులోంచే పోవాలి. అన్నిటికంటే ముందు ఓనర్ ఒప్పుకోవాలి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో వోచర్ ఉందన్న కారణంతో కాదనడం చట్టవిరుద్ధం. టెక్సస్‌లో మాత్రం నగరాలు అలాంటి రక్షణ పెట్టకుండా రాష్ట్రమే 2015లో చట్టం చేసింది. డాలస్ చుట్టుపక్కల వెతికేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

మన ఇళ్లలో తరచూ వచ్చే ఆలోచన ఒకటుంది. కొడుకు కొన్న రెండో ఇంట్లో అమ్మానాన్నలు వోచర్‌తో అద్దెకుంటే డబ్బు ఇంట్లోనే తిరుగుతుంది కదా అని. కుదరదు. ఓనర్ అద్దెకుండేవాళ్లకి కొడుకో, కూతురో, తోబుట్టువో, తల్లిదండ్రులో, మనవలో అయితే అథారిటీ ఒప్పుకోదు. ఇంట్లో ఎవరికైనా వైకల్యం ఉండి, దానికి తగ్గ ఇల్లు అదేనని తేలితే మాత్రం మినహాయింపు ఉంది. అలాగే పిల్లలు నెలనెలా పంపే డబ్బు ఆదాయం కిందికి వస్తుంది. ఇండియాలో ఉన్న ఇల్లు, పొలం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆస్తుల్లో చూపించాల్సిందే. దాచి తర్వాత దొరికితే సాయం పోవడమే కాదు, తీసుకున్నది తిరిగి కట్టమంటారు.

ఇన్ని తిప్పలున్నా వోచర్‌కి ఒక పెద్ద బలం ఉంది, అది మీ వెంట వస్తుంది. మొదటి ఏడాది అదే అథారిటీ పరిధిలో ఉండమనే నిబంధన కొందరికి తగిలినా, తర్వాత వేరే రాష్ట్రానికి కూడా తీసుకెళ్లొచ్చు. మంచి స్కూళ్లున్న చోటికి మారాలనుకునే తల్లికి దీనికి సాటి లేదు. పబ్లిక్ హౌసింగ్‌లో ఇల్లు వదిలితే సాయమూ అక్కడే ఆగిపోతుంది.

అయినా డెబ్బై ఏళ్ల వయసులో, కారు లేకుండా, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చే దంపతులు రెండు నెలల్లో ఓనర్‌ని ఒప్పించి ఇల్లు పట్టగలరా? వాళ్లకి పబ్లిక్ హౌసింగే మేలంటాను. 62 నిండినవాళ్లకే కేటాయించిన బిల్డింగులు కొన్ని అథారిటీల దగ్గర ఉంటాయి. ఇల్లు వాళ్లే చూపిస్తారు, అద్దె పెన్షన్‌ని బట్టి ఉంటుంది. లోపాలు లేవని కాదు. చాలా బిల్డింగులు పాతవి, రిపేర్లు నత్తనడకన సాగుతాయి, ఏ పేటలో వస్తుందో మన చేతిలో ఉండదు. చూపించిన ఇల్లు కాదంటే చాలాచోట్ల వరసలో వెనక్కి పోతారు.

వీసా సంగతి చూడకుండా ఏదీ ఎంచుకోలేం. పబ్లిక్ హౌసింగ్, వోచర్ రెండూ పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి, శరణార్థుల్లాంటి మరికొన్ని వర్గాలకి మాత్రమే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి అర్హత లేదు. ఇంట్లో కొందరికే అర్హత ఉంటే, వాళ్ల సంఖ్యని బట్టి సాయం తగ్గించి ఇవ్వడం ఇప్పటిదాకా ఉన్న పద్ధతి. ట్యాక్స్ క్రెడిట్ పథకంలో ఫెడరల్ చట్టపరంగా వీసా షరతు లేదు. కానీ ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే కొన్ని మినహాయింపులు తప్ప ఇల్లివ్వరు. కాబట్టి రూమ్‌మేట్స్‌గా ఉండే ఎమ్మెస్ కుర్రాళ్లు దీనిమీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుంటే ఏ సాయానికి సంతకం పెట్టే ముందైనా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

దరఖాస్తు దగ్గర మాత్రం ఒకటే ఎంచుకోవాలన్న రూలు లేదు. అర్హత ఉన్న ప్రతి లిస్టులోనూ పేరు పెట్టండి. చుట్టుపక్కల అథారిటీలు వేర్వేరుగా లిస్టులు నడుపుతాయి. అక్కడ నివసించేవాళ్లకి ప్రాధాన్యం ఇచ్చినా, బయటివాళ్లు దరఖాస్తు చేయకూడదనలేవు. వోచర్ లిస్టు చాలాచోట్ల ఏళ్లతరబడి మూసే ఉంటుంది, తెరిచినా కొద్ది రోజులే. అందులోనూ లాటరీ పెడతారు. పేరు నమోదుకి అథారిటీ రుసుము తీసుకోదు, డబ్బడిగే వెబ్‌సైట్ కనిపిస్తే వదిలేయండి. ట్యాక్స్ క్రెడిట్ ఆఫీసులు క్రెడిట్ చెక్ పేరుతో కొంత అడగడం మాత్రం మామూలే. ఇల్లు మారినప్పుడల్లా ప్రతి లిస్టులో అడ్రస్ మార్పించండి. వాళ్ల ఉత్తరానికి గడువులోగా జవాబు రాకపోతే పేరు కొట్టేస్తారు.

ఈ దారుల్లో రెండు కలిసే చోటు కూడా ఉంది. ట్యాక్స్ క్రెడిట్ బిల్డింగులు వోచర్ ఉందన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు, ఇది అన్ని రాష్ట్రాలకీ వర్తించే ఫెడరల్ నిబంధన. చేతిలో వోచర్ ఉండి, ఓనర్లు ఒప్పుకోక, గడువు దగ్గరపడుతున్నవాళ్లు ముందు ఈ లీజింగ్ ఆఫీసులకి ఫోన్ చేయడం మంచిది.