నేల మీద ఉక్క, నింగిలో గాలి

మే నెల మధ్యాహ్నం, శంషాబాద్. ఢిల్లీకి టికెట్ తలకు 6,840 రూపాయలు. బస్సులో తీసుకెళ్లి దూరంగా ఆపిన విమానం ఎక్కించారు, తలుపులు వేశారు, ఆ తరవాత గంటా ఇరవై నిమిషాలు కదల్లేదు.

అమ్మకు ఉబ్బసం. అందుకే 14,200 పెట్టి కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు కొన్నాను. "ఆ డబ్బుతో పట్టుచీర వచ్చేది" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. మెట్ల దగ్గర 430 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) చూపిన ఆ మీటరు ఇరవై నిమిషాల్లో 1,900కు, గంటకల్లా 2,700కు ఎక్కింది. తలపై గొట్టాల్లోంచి గాలి చుక్క లేదు. అమ్మ భద్రతా సూచనల అట్టతో విసురుకుంటూ "వడ్ల గాదెలో కూర్చోబెట్టారేమిట్రా" అంది. విమాన సిబ్బందిలో ఒకమ్మాయిని అడిగితే, "ఇంజిన్లు వేస్తే సర్దుకుంటుంది సార్" అని చిరునవ్వుతో వెళ్లిపోయింది.

ఆ మాట అబద్ధం కాదు, అదే నా మంట! ఇంజిన్లు ఆగి ఉన్నప్పుడు తోకలోని చిన్న ఇంజినో, కింద నిలబెట్టే ఏసీ బండో గాలి అందించాలి. మొదటిది ఇంధనం తాగుతుంది, రెండోది తెప్పించాలి. మాకు రెండూ దక్కలేదు. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపే హెపా వడపోత ఉందని గొప్పగా చెబుతారు. ఫ్యాన్లు తిరగకపోతే అది ఉండీ ఏం లాభం? పైగా అది కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. దానికి బయటి గాలి రావాల్సిందే.

ఎగిరాక నిందించడానికి ఏమీ లేదు. గాల్లో క్యాబిన్ గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారుతుంది, అందులో దాదాపు సగం బయటిదే. పావుగంటలో మీటరు 1,300కు దిగింది, అమ్మ నిద్రపోయింది. గాలి పైనుంచి దిగి, కిటికీల కింద నేల దగ్గరి జాలీల్లోంచి పోతుంది. పక్కాయన సరిగ్గా అక్కడే సంచీ కుక్కాడు. చెబితే మొహం ముడుచుకున్నాడు కానీ తీశాడు.

ఢిల్లీ నుంచి లండన్‌కు బోయింగ్ 787. క్యాబిన్‌లో ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తున ఉండే గాలి ఒత్తిడికి సమానం, చాలా విమానాల్లో ఆ ఎత్తు 8,000 దాకా ఉంటుంది; ఎత్తు తగ్గేకొద్దీ ఊపిరి తేలిక. అమ్మ ఇన్‌హేలర్ తీయనే లేదు. పెద్దవాళ్లతో దూరం వెళ్లేవాళ్లు నాలుగు వేలు ఎక్కువైనా ఇలాంటి విమానమే చూసుకోండి. నేల మీద మాత్రం ఉక్క మొదలవగానే బిడియపడకుండా గట్టిగా అడగండి. నేను గంటసేపు మర్యాదగా కూర్చుని తప్పుచేశాను.

మొదటి సంస్థకు మీటరు ఫొటోలతో ఫిర్యాదు పంపాను. పదకొండో రోజున 500 రూపాయల కూపన్ వచ్చింది. మూడు నెలల్లోగా వాళ్ల విమానంలోనే వాడుకోవాలట.