1970 షెవర్లే సీ10లో 5.3 వీ8: కొన్నేళ్లు నడిపాక నా మాట

పాత పికప్‌కి కొత్త ఇంజిన్ ఎక్కించాలని ఎవరైనా సలహా అడిగితే నేను ఇంజిన్ దగ్గర మొదలుపెట్టను. బ్రేకులు, ఎర్త్ వైర్లు, పెట్రోలు ట్యాంకు, వీటి సంగతే ముందు చెప్తాను. ఇంజిన్ మార్చడం వారాంతాల్లో ఇద్దరు మనుషులు, ఒక క్రేన్ ఉంటే అయిపోయే పని. ఆ తర్వాత బండి రోజూ నమ్మకంగా కదలాలంటే మాత్రం ఈ మిగతావన్నీ కుదరాలి. ఏళ్ల తరబడి నడిపాక నాకు గట్టిగా అనిపించేది ఇదే.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. బండి 1970 మోడల్ షెవర్లే పికప్ సీ10, 127 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న లాంగ్ బెడ్, అంటే వెనక సామాన్ల తొట్టి పొడుగ్గా ఉండే రకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీనిలో 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్ల లివర్ ఉండేవి. ఇప్పుడున్నది షెవర్లేదే మరో పికప్, 2002 సిల్వరాడో నుంచి తీసిన 5.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దాని వెనక 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. షోలకి తీసుకెళ్లి తుడుచుకునే బండి కాదు. ఆఫీసుకి వెళ్తాను, తోటకి మట్టి తెస్తాను, స్నేహితులు ఇల్లు మారితే సోఫాలు మోస్తుంది, ఆస్టిన్ దాకా వెళ్లి వస్తుంది.

ఈ ఇంజినే ఎందుకంటే, దొరుకుతుంది కాబట్టి. 1997లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌తో మొదలైన ఎల్‌ఎస్ అనే వీ8 ఇంజిన్ల కుటుంబానికి ట్రక్కుల్లో పెట్టిన రూపమిది. ఎల్‌ఎం7 అనే ఈ 5.3ని 1999 నుంచి 2007 దాకా లక్షల పికప్పుల్లో, ఎస్‌యూవీల్లో వాడారు. బ్లాకు పోత ఇనుముది, మొండి ఘటం. ఏ ఊళ్లోనైనా పార్టుల షాపుకి వెళ్లి 2002 సిల్వరాడోకి వాటర్ పంపు కావాలంటే అదే రోజు చేతిలో పెడతారు. పాత ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి కాగితం మీద 155 హార్స్‌పవర్, దీనికి 285. నిజానికి తేడా ఇంకా ఎక్కువ. 1970లో ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచిన గ్రాస్ లెక్క చెప్పేవారు, ఇప్పుడు అన్నీ బిగించి కొలిచిన నెట్ లెక్క చెప్తారు.

కొనేటప్పుడు 2002 లేదా అంతకు ముందుది, యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉన్నది వెతకండి. ఎలక్ట్రానిక్ పెడల్ గొడవ ఉండదు. తర్వాతి తరం 5.3లలో చాలావాటికి నాలుగు సిలిండర్లు నిద్రపోయే ఏర్పాటు ఉంటుంది, వాటిలో వాల్వుల్ని నెట్టే లిఫ్టర్లు పాడవడం అందరికీ తెలిసిన తలనొప్పి. ఎల్‌ఎం7కి ఆ బెడద లేదు. హెడ్ల (సిలిండర్లని పైనుంచి మూసే భాగాల) మీద 706 అంకెతో పాటు కాస్టెక్ అనే పోత కంపెనీ గుర్తు కనిపిస్తే మాత్రం జాగ్రత్త, వాటిలో కొన్ని లోపల చీలి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ చివరి బోల్టులు విరిగి ఉండటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఇంజిన్ ఇంకా స్టాండ్ మీద ఉండగానే అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పి, ఆయిల్‌ని పైకి లాగే పికప్ ట్యూబుకి ఓ-రింగ్ (రబ్బరు రింగు) కొత్తది వేయండి. ఆ రబ్బరు ఖరీదు కొన్ని డాలర్లు. బండిలోకి దించాక ఆయిల్ ప్రెషర్ పడిపోతే అదే రింగు కోసం సగం ముందుభాగం విప్పాలి.

బిగింపు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంజిన్ కూర్చోడానికి కొత్త మౌంట్లు కావాలి. ట్రక్కు ఆయిల్ పాన్ క్రాస్‌మెంబర్ (ఛాసిస్ అడ్డ పట్టీ) కంటే కిందికి వేలాడుతుంది కాబట్టి పొట్టి పాన్ వేయాలి. ఏసీ కంప్రెసర్ అసలు చోట ఉంచితే ఛాసిస్‌కి తగులుతుంది, బ్రాకెట్‌తో పైకి మార్చాలి. టెక్సస్ ఎండలో ఏసీ లేని బండి జూన్ నుంచి సెప్టెంబరు దాకా గరాజ్‌లోనే ఉంటుంది, కనుక ఆ బ్రాకెట్ దగ్గర బేరాలు వద్దు.

ఇక పెట్రోలు ట్యాంకు. 1972 దాకా వచ్చిన ఈ పికప్పుల్లో ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. అంటే నడిపేవాడి వీపు వెనక డెబ్బై లీటర్లకి పైగా పెట్రోలు. ఎండాకాలం కారెక్కగానే ఆ వాసన, ఏదైనా గుద్దితే ఏమవుతుందో అన్న టెన్షన్. కొత్త ఇంజిన్‌కి ఎలాగూ ట్యాంకులో మునిగి ఉండే పంపు, 58 పీఎస్‌ఐ ప్రెషర్ కావాలి కాబట్టి నేను ట్యాంకునే వెనక్కి, బెడ్ కింద ఛాసిస్ పట్టీల మధ్యకి మార్చేశాను. స్టెప్నీ చోటు పోయింది. కానీ పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఇంట్లో ఒప్పుకున్నది ఆ ట్యాంకు కదిలాకే. మొత్తం ప్రాజెక్టులో ఒక్క పనే చెయ్యగలనంటే ఇంజిన్ వదిలేసైనా ఇదే చేస్తాను. ప్రెషర్ కోసం కార్వెట్‌లో వాడిన, రెగ్యులేటర్ కలిసి ఉన్న ఫిల్టర్ వేశాను. ఇంజిన్ దాకా ఒకే గొట్టం, ఫిల్టర్ నుంచి ట్యాంకుకి చిన్న రిటర్న్. ఇన్నేళ్లలో దాన్ని ముట్టుకునే అవసరం రాలేదు. పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే లెవెల్ సెండర్, ట్యాంకుతో వచ్చినది మాత్రం నాసిరకం, ఏడాది తిరక్కుండానే ముల్లు సగం దగ్గర ఆగిపోయింది. మంచి సెండర్‌కి ముందే డబ్బు పెట్టండి.

వైరింగ్ అనగానే అందరూ కంప్యూటర్‌కి భయపడతారు. భయపడాల్సింది ఎర్త్‌కి. కంప్యూటర్‌లో చేయించాల్సినవి కొన్నే: తాళం చెవికి ముడిపడ్డ దొంగతన నిరోధక లాక్ తీసేయించాలి, టైరు సైజు, వెనక ఆక్సిల్ నిష్పత్తి ఎక్కించాలి, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఎప్పుడు తిరగాలో చెప్పాలి. ఎర్త్ అలా కాదు. ఈ బండి క్యాబిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఇంజిన్ కూడా రబ్బరు మీదే. అంటే లోహానికి లోహం తగిలి కరెంటు తిరిగి వెళ్లే దారి దానంతటది ఉండదు, మనమే వెయ్యాలి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి ఒకటి, ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి మందపాటిది ఒకటి. బిగించే చోట రంగు గీకి తెల్లటి ఇనుము కనిపించాలి. తర్వాత పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్లు అన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, మరో కొన డోర్ దగ్గర బోల్టుకి పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. అర వోల్టు చూపిస్తే మీ మీటర్ల ముళ్లు ఇండికేటర్ వేసినప్పుడల్లా ఊగుతాయి, సెన్సర్లు తప్పుడు లెక్కలిస్తాయి, అప్పుడు మీరు లేని జబ్బుకి మందు వేస్తూ పార్టులు మారుస్తూ పోతారు. ఈ పరీక్ష నేను ప్రతి ఎండాకాలానికి ముందు చేస్తాను.

ఒకసారి డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో హనుమాన్ గుడి పార్కింగ్‌లో ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూశారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట, అమ్మాయి దగ్గరికి వచ్చారు. బానెట్ ఎత్తి చూపించాను. ఇంజిన్‌ని ఒక్క చూపు చూసి, "బాగుంది బాబూ, మరి దీన్ని ఆపడానికేం చేశావు?" అన్నారు. ముందు చక్రాలకి డిస్కులు, బూస్టరు పెట్టానండీ అని చెప్తే వంగి క్యాలిపర్ చూసి, అప్పుడు భుజం తట్టారు. ఇక్కడి షోలలో నన్నెవరూ మొదటగా ఆ ప్రశ్న అడగలేదు.

ఆయన అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన ప్రశ్న. 1970 దాకా సీ10కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ముందు డిస్కులు 1971లో వచ్చాయి, వాటితో పాటే చక్రానికి ఆరు బోల్టులు పోయి ఐదయ్యాయి. అందుకే 1971–72 బండి దొరికితే కొంత పని తప్పుతుంది. డ్రమ్ములతో, వానలో, హైవే వేగం మీద ఈ వీ8ని ఆపాలనుకోవడం ప్రాణాలతో చెలగాటం. బ్రేకులకి డబ్బు మిగలకపోతే ఇంజిన్ కొనడం వాయిదా వెయ్యండి.

నడపడం ఎలా ఉంటుందంటే, తాళం తిప్పగానే అందుకుంటుంది, జనవరి చలిలో కూడా. చోక్ లాగడం, పెడల్ కొట్టడం లేదు. వెనక ఆక్సిల్ నిష్పత్తి 3.73 (చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ షాఫ్టు 3.73 చుట్లు తిరుగుతుంది), టైర్లు 28 అంగుళాలవి. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తక్కువ తిరిగినా అదే వేగం ఇచ్చే పై గేరు) లేని మూడు గేర్ల పెట్టెతో 65 మైళ్ల వేగానికి ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,900 చుట్లు తిరగాలి. ఇప్పుడు నాలుగో గేరు 0.70 కాబట్టి 2,000 పైచిలుకు చాలు. మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. హైవే మీద గ్యాలన్‌కి 16, 17 మైళ్లు వస్తుంది, ఊళ్లో 13 దాటదు. రోజూ నడిపేవాళ్లు ఆ ఖర్చు లెక్కేసుకోవాలి. వెనక కాయిల్ స్ప్రింగులు, ఆక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే పొడుగు ట్రైలింగ్ ఆర్మ్‌లు ఉండటం వల్ల ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎత్తేయదు. అమెరికాలో నాస్కార్ కప్ రేసు కార్లు 2021 సీజన్ దాకా వాడింది ఈ ట్రక్కు ఆర్మ్‌ల పద్ధతినే. లారీల పక్కనుంచి వెళ్తే మాత్రం బండి కొంచెం పక్కకి జరుగుతుంది, స్టీరింగ్‌లో ఇంకా ఆట ఉంది. డోర్ల రబ్బర్లన్నీ మార్చినా 70 మైళ్లు దాటితే గాలి హోరు తప్పదు.

వేడి విషయంలో అల్యూమినియం రేడియేటర్, దానికి పూర్తి ష్రౌడ్ (గాలి పక్కలకి పోకుండా తొడుగు), రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టాను. 40 డిగ్రీల మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో, ఏసీ వేసి ఉన్నా ముల్లు కదలదు. హెడ్ల ముందు నుంచి వచ్చే సన్నటి ఆవిరి గొట్టాన్ని కొందరు మూసేస్తారు. దాన్ని రేడియేటర్ పైభాగానికే కలపాలి, లేకపోతే హెడ్లలో గాలి బుడగలు నిలిచిపోతాయి.

నన్ను ఏడిపించింది గేర్‌బాక్స్. 4ఎల్60ఈకి మూడు, నాలుగు గేర్ల క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల కట్ట) బలహీనమని ఊరందరికీ తెలుసు. అన్నీ కొత్తవి వేశామని హామీ ఇచ్చి ఒక షాపువాళ్లు అమ్మిన పెట్టె మొదటి ఎండాకాలంలోనే మూడో గేరు జారడం మొదలుపెట్టింది. విప్పితే పాత ప్లేట్లే ఉన్నాయి. హామీ కాగితంలోని చిన్న అక్షరాల వల్ల సగం డబ్బే తిరిగొచ్చింది. రెండోసారి వేరేచోట నా కళ్ల ముందే విప్పించి కట్టించాను, విడిగా ఆయిల్ కూలర్ వేశాను. అప్పట్నుంచి పేచీ లేదు.

బాడీ కొనేముందు అయస్కాంతం పట్టుకెళ్లండి. క్యాబిన్ వెనక మూలలు, డోర్ల కింది రాకర్ ప్యానెళ్లు, కాళ్ల కింద ఫ్లోరు, ఈ మూడు చోట్లా అయస్కాంతం అంటుకోకపోతే లోపల పుట్టీ, దాని లోపల తుప్పు. ఇంజిన్ పాత బండ్ల యార్డులో దొరుకుతుంది, తుప్పు పట్టిన క్యాబిన్‌కి టింకరింగ్ చేయించాలంటే ఆ ఇంజిన్ ఖరీదుకి ఎన్నో రెట్లు. నా బండికి పాత ఆకుపచ్చ రంగు ఎండకి వెలిసిపోయి ఉంది, అలాగే ఉంచాను. బెడ్ చెక్కలు మాత్రం కొత్తవి వేసి నూనె పట్టించాను. మొత్తం ఖర్చులో ఇంజిన్, గేర్‌బాక్స్ కొన్న డబ్బు ఐదో వంతు కూడా లేదు.

కాగితాల విషయంలో టెక్సస్ మంచి చోటు. పొగ పరీక్ష 24 ఏళ్ల లోపు బండ్లకే, అదీ కొన్ని కౌంటీల్లోనే. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి స్మాగ్ పరీక్ష మినహాయింపు ఉంది. రోజూ నడిపేట్టయితే పాత బండ్లకిచ్చే యాంటిక్ నంబరు ప్లేటు తీసుకోకండి, అది ప్రదర్శనలకి, ఊరేగింపులకి పరిమితం. ఇన్సూరెన్స్ మాత్రం ముందే విలువ ఒప్పుకుని రాసిచ్చే క్లాసిక్ పాలసీలో తీసుకోండి, మామూలు పాలసీలో ఈ బండికి 1970 నాటి ఇనుము ధరే కడతారు.

ఊరి నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లు, పాత జీపుకి ఇలాగే చేద్దామా అన్నా అని అడుగుతుంటారు. మనవాళ్లు అంబాసిడర్లకి డీజిల్ ఇంజిన్లు ఎక్కించిన రోజుల్నుంచీ చెయ్యి తిరిగిన మెకానిక్కులకి లోటు లేదు. అయితే మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. ఆర్‌సీలో లేని ఇంజిన్‌తో రోడ్డెక్కి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కే. అందుకని వాళ్లకి చెప్పేది ఒక్కటే: ముందు ఆర్‌టీవో ఆఫీసుకి వెళ్లి అడుగు, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే పాత ఇంజిన్ మీద పానా పెట్టు. ఈలోగా బ్రేకులు, వైరింగ్ బాగుచేసుకో, వాటికి ఎవరూ అడ్డు చెప్పరు.